గడప బయటి పార్టీ, గడప లోపలి విధానం

ధారావాహిక: ఐదవ భాగం (డెన్మార్క్, 1983–2022)

తెలుగు పత్రికల్లో ‘ప్రజాకర్షక’ అనే విశేషణం కనబడగానే ఉచిత పథకాలూ రుణమాఫీలూ స్ఫురిస్తాయి గనుక, పాపులిజం అనే మాటను ఈ ధారావాహిక ఏ అర్థంలో వాడుతున్నదో మరొకసారి గుర్తుచేయడం అవసరం. సమాజం నిజాయితీగల సామాన్యులుగానూ, వారిని మోసగించే పైవర్గంగానూ రెండుగా చీలి ఉన్నదనీ, ఆ సామాన్యుల గొంతు తమదొక్కటేననీ చెప్పుకునే రాజకీయ ధోరణికి రాజనీతి శాస్త్రంలో ఆ పేరు. పశ్చిమ యూరప్‌లో ఈ ధోరణి వలసదారుల ప్రశ్నను పట్టుకుని ఎదిగిన తీరును వివరించేటప్పుడు, విదేశీయుల సంఖ్య పెరిగిందనీ, జనానికి కోపం వచ్చిందనీ, ఆ కోపం నుంచి కొత్త పార్టీలు పుట్టాయనీ చెప్పడం పరిపాటి. ఆ కథనంలో అప్పటికే అధికారం అనుభవిస్తున్న పెద్ద పార్టీలకు ప్రేక్షక పాత్ర తప్ప మరొకటి ఉండదు. డెన్మార్క్‌లో జరిగినది వేరు. అక్కడ పాపులిస్టుల ప్రతి అడుగుకూ ముందో వెనుకో ఒక చట్టమో, ఒక మంత్రి నోటిమాటో, ఒక ప్రధాని ప్రసంగమో కనబడుతుంది.

డెన్మార్క్ పార్లమెంటు పేరు ఫోల్కెటింగ్. అందులో స్థానాలు 179. దేశం మొత్తంమీద రెండు శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి ఓట్ల దామాషాలో సీట్లు దక్కుతాయి గనుక చిన్న పార్టీలకు చోటు దొరకడం కష్టం కాదు. ఏ ఒక్క పార్టీకీ సొంతంగా మెజారిటీ రావడమనేది నూరేళ్లకు పైగా జరగలేదు. ప్రభుత్వాలలో ఎక్కువ భాగం మైనారిటీ ప్రభుత్వాలే కావడంతో, మంత్రి పదవులు తీసుకోకుండా బయటి నుంచి మద్దతిచ్చే పార్టీ అనేది, భారతీయ పాఠకులకు 1990ల ఢిల్లీ రాజకీయాల వల్ల బాగా పరిచయమైన ఆ ఏర్పాటు, అక్కడ దైనందిన వ్యవహారం. పెద్ద పార్టీలు రెండు: కార్మిక సంఘాల అండగల సోషల్ డెమోక్రాట్లు ఒకటి, రైతుల పార్టీగా పుట్టి మితవాద పార్టీగా స్థిరపడిన వెన్‌స్ట్రె మరొకటి. వెన్‌స్ట్రె అంటే డేనిష్ భాషలో ‘ఎడమ’ అని అర్థం. పంతొమ్మిదవ శతాబ్దంలో రాజపక్షానికి ఎదురు నిలిచిన కాలపు పేరు అది, పార్టీ కుడివైపుకు జరిగినా పేరు మాత్రం మారలేదు.

పన్నులు కట్టనక్కరలేదని టెలివిజన్‌లో చెప్పి సంచలనం సృష్టించిన న్యాయవాది మొగెన్స్ గ్లిస్ట్రుప్, తన ప్రగతి పార్టీతో 1973 డిసెంబరు ఎన్నికల్లో 28 స్థానాలు గెలవడంతో గత భాగం ముగిసింది. అప్పటికి ఆ పార్టీకి వలసలతో పని లేదు. టర్కీ, పాకిస్తాన్, యుగోస్లావియాల నుంచి కర్మాగారాలకు కూలీలను రప్పించుకున్న విధానాన్ని ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో నిలిపివేసింది. వచ్చినవారు కొన్నాళ్లకు తిరిగిపోతారని అందరూ అనుకున్నారు, వారు తిరిగిపోలేదు, దానిపై పెద్దగా చర్చా జరగలేదు.

1983 జూన్‌లో ఫోల్కెటింగ్ ఆమోదించిన విదేశీయుల చట్టం యూరప్‌లోని అత్యంత ఉదారమైన చట్టాల్లో ఒకటి. ఆశ్రయం కోరి సరిహద్దుకు వచ్చిన వ్యక్తికి, తన దరఖాస్తు తేలేదాకా దేశంలో ఉండే హక్కును అది ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని శరణార్థి నిర్వచనానికి సరిగ్గా సరిపోకపోయినా, తిరిగి వెళితే ప్రమాదమున్న వ్యక్తికి కూడా రక్షణ కల్పించింది. భార్యాబిడ్డలను రప్పించుకోవడాన్ని, అంటే కుటుంబ పునరేకీకరణను, అధికారుల దయ నుంచి తప్పించి చట్టబద్ధమైన హక్కుగా చేసింది. ప్రగతి పార్టీ తప్ప తక్కిన పక్షాలన్నీ దీన్ని సమర్థించాయి. న్యాయశాఖ మంత్రి ఎరిక్ నిన్-హాన్సెన్ మాత్రం అయిష్టంగానే ఈ చట్టాన్ని మోశాడు. ఆయన కన్సర్వేటివ్ పార్టీ నాయకత్వంలోని మైనారిటీ ప్రభుత్వానికి, ఈ విషయంలో సభలోని ఉదార పక్షాల మాట కాదనే బలం లేదు. మనసుకు పట్టని చట్టాన్ని అమలు చేసే బాధ్యత ఒక మంత్రి చేతిలో పడడమే ఆ తరువాతి పదేళ్ల కథకు మూలం.

చట్టం చేసిన నాటికి ఏడాదికి కొన్ని వందల మందే ఆశ్రయం కోరి వచ్చేవారు. ఇరాన్-ఇరాక్ యుద్ధం, లెబనాన్ అంతర్యుద్ధం, 1983 జూలైలో శ్రీలంకలో తమిళులపై జరిగిన ఊచకోత ఆ లెక్కను తలకిందులు చేశాయి. 1985లో వచ్చినవారి సంఖ్య ఎనిమిది వేలు దాటింది. తూర్పు బెర్లిన్ దాకా విమానంలోనూ, అక్కడి నుంచి బాల్టిక్ సముద్రం మీద పడవలోనూ చేరుకునేవారిని ఆపడానికి 1986లో చట్టాన్ని సవరించి సరిహద్దు దగ్గరే వెనక్కు పంపే వీలు కల్పించారు. పన్నుల గురించి పాత పాట పాడి అలసిపోయిన ప్రగతి పార్టీ వలసల పాట అందుకున్నది సరిగ్గా ఈ ఏళ్లలోనే, పన్ను మోసానికి జైలుశిక్ష అనుభవించి వచ్చిన గ్లిస్ట్రుప్ ముస్లింల మీద విద్వేష ప్రసంగాలకు దిగినదీ అప్పుడే. 1988 ఎన్నికల్లో ఆ పార్టీకి తొమ్మిది శాతం ఓట్లు, 16 స్థానాలు వచ్చాయి.

ఈ నేపథ్యంలోనే, ఆ ఎన్నికలకు ముందటి ఏడాది 1987లో, నిన్-హాన్సెన్ తన కింది అధికారులకు ఒక ఆదేశమిచ్చాడు. డెన్మార్క్‌లో ఆశ్రయం పొందిన శ్రీలంక తమిళులు తమ భార్యలనూ పిల్లలనూ రప్పించుకోవడానికి పెట్టుకున్న దరఖాస్తులను విదేశీయుల డైరెక్టరేటులో దొంతరకు అడుగున పెట్టాలన్నది దాని సారాంశం. తిరస్కరించమని కాదు, తిరస్కరిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే అది చట్టం ముందు నిలవదు. ఫైలు అడుగున పడితే ఏ సంతకమూ అక్కర లేదు. ప్రభుత్వ కార్యాలయాల మెట్లెక్కిన అనుభవమున్న ఏ దేశపు పౌరుడికైనా తెలిసిన ఈ పద్ధతిలో, చట్టం ఇచ్చిన హక్కు చట్టపుస్తకంలో భద్రంగా ఉండగానే నెలల తరబడి జాఫ్నాలోనూ కొలంబోలోనూ కుటుంబాలు ఎదురుచూస్తూ ఉండిపోయాయి. పాలనా యంత్రాంగంపై పౌరుల ఫిర్యాదులను విచారించే స్వతంత్ర అధికారిని అంబుడ్స్‌మన్ అంటారు. ఆ పదవిలో ఉన్న హాన్స్ గామెల్‌టోఫ్ట్-హాన్సెన్ 1989లో ఈ జాప్యాన్ని తప్పుపట్టాడు. 1983 చట్టానికి రూపమిచ్చిన న్యాయవేత్తల్లో ఆయన కూడా ఒకడు కావడం ఈ కథలోని యాదృచ్ఛికాల్లో ఒకటి. తివాచీ కిందికి ఏదీ ఊడ్చివేయలేదని ప్రధాని పౌల్ శ్లూటర్ సభకు హామీ ఇచ్చాడు. ఆ తివాచీ మాటే చివరికి ఆయన మెడకు చుట్టుకుంది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జరిపిన విచారణ నివేదిక, వేల పుటల గ్రంథం, 1993 జనవరిలో వెలువడిన రోజునే శ్లూటర్ రాజీనామా ప్రకటించాడు. మంత్రులను విచారించేందుకు మాత్రమే సమావేశమయ్యే రిగ్స్‌రెట్ అనే ప్రత్యేక న్యాయస్థానం 1995 జూన్‌లో నిన్-హాన్సెన్‌కు నాలుగు నెలల శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. ఆ న్యాయస్థానం అంతకుముందు సమావేశమైనది 1910లో.

ఈ వ్యవహారాన్ని న్యాయపాలనకు దక్కిన విజయంగా చెప్పే గ్రంథాలున్నాయి, అందులో అసత్యం లేదు. అయితే దాని రాజకీయ ఫలితం వేరుగా ఉంది. బహిరంగంగా ఉదార చట్టం, లోపల దాన్ని నీరుగార్చే ఆదేశం అనే ఈ ద్వంద్వం బయటపడ్డాక, వలసల విషయంలో పెద్దలు ఒకటి చెప్పి మరొకటి చేస్తారని అనడానికి పాపులిస్టులు కొత్తగా ఏదీ కల్పించనక్కర లేకపోయింది. నిన్-హాన్సెన్‌కు శిక్ష పడిన కొద్ది నెలలకే, 1995 అక్టోబరులో, ప్రగతి పార్టీలోని అంతర్గత కలహాలతో విసిగిన పియా కేర్స్‌గోర్ ముగ్గురు సహచరులతో బయటికి వచ్చి డేనిష్ ప్రజా పార్టీని స్థాపించింది. రాజకీయాల్లోకి రాకముందు ఆమె వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలందించే సహాయకురాలిగా ఉండేది. గ్లిస్ట్రుప్ ప్రభుత్వాన్నే వద్దన్నాడు. ఆమె మాత్రం సంక్షేమ రాజ్యాన్ని కాపాడుతానంది, అయితే అది డేనిష్ వృద్ధుల కోసమే ఉండాలంది. పాత పార్టీకి పన్ను కట్టేవాడు ఓటరు, కొత్త పార్టీకి పింఛను తీసుకునేవాడు ఓటరు. సోషల్ డెమోక్రాట్లకు ముప్పు ఎక్కడి నుంచి రాబోతున్నదో ఈ ఒక్క తేడాలోనే ఉంది.

నిజానికి ఆ ముప్పు గురించి వారికి ముందే తెలిసినది సొంత పార్టీ మేయర్ల ద్వారా. కోపెన్‌హాగన్‌కు పడమట ఇషోయ్ వంటి శివార్లలో, 1970లలో కట్టిన కాంక్రీటు అపార్టుమెంట్ల వరుసల్లో వలస కుటుంబాలు కేంద్రీకృతమవుతున్నాయనీ, బడులకూ మునిసిపల్ బడ్జెట్లకూ ఆ భారం మోయడం కష్టమవుతోందనీ సోషల్ డెమోక్రాటిక్ మేయర్లే 1980ల నుంచి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. పార్టీ నాయకత్వం ఆ ఫిర్యాదును అందులోని అద్దె ఇళ్ల సమస్యగానో, నిధుల పంపిణీ సమస్యగానో విడదీసి చూడకుండా, మర్యాదకు భంగకరమైన మాటగా పక్కన పెట్టింది. 1997లో సర్వేలు భయపెట్టడం మొదలయ్యాక ప్రధాని పౌల్ న్యూరుప్ రాస్ముసెన్ ఒక్కసారిగా మరో కొసకు వెళ్లి, అటువంటి మేయర్లలోనే ఒకడైన ఆర్హుస్ నగర మేయర్ థోర్కిల్ సిమోన్సెన్‌ను అంతర్గత వ్యవహారాల మంత్రిగా తెచ్చుకున్నాడు. 1999 జనవరి నుంచి అమలైన సమీకరణ చట్టం, శరణార్థులను మునిసిపాలిటీలకు వాటాల వారీగా పంచడంతో పాటు, కొత్తగా వచ్చినవారికి తక్కిన నిరుపేదలకన్నా తక్కువ భృతిని నిర్ణయించింది. విమర్శలు వచ్చాక ఆ తేడాను రద్దు చేశారు. ఆ తరువాత అదే శాఖకు వచ్చిన కారెన్ యెస్పర్సెన్, నేరాలు చేసిన ఆశ్రయార్థులను జనావాసం లేని ఒక దీవిలో ఉంచవచ్చునన్న ఆలోచనను 2000లో బయటపెట్టింది. ఆమె అప్పటికి సోషల్ డెమోక్రాట్ మంత్రి. కొన్నేళ్లకు వెన్‌స్ట్రె మంత్రివర్గంలో తేలింది. ఆ దీవి ఈ కథలోకి మళ్లీ వస్తుంది.

ఒక చేత్తో పాపులిస్టుల విధానాన్ని అందుకుంటూనే, రెండో చేత్తో వారిని దూరంగా నెట్టే ప్రయత్నం జరిగింది. 1999 అక్టోబరు 7న ఫోల్కెటింగ్ సమావేశాల ప్రారంభ చర్చలో న్యూరుప్ రాస్ముసెన్, డేనిష్ ప్రజా పార్టీ ఎన్ని ప్రయత్నాలు చేసినా తన దృష్టిలో ఎన్నటికీ ‘స్టూరెన్’ కాబోదని ప్రకటించాడు. స్టూ అంటే ముందుగది, రెన్ అంటే శుభ్రమైనది. ఇంట్లో తివాచీ పాడుచేయకుండా బయటికి వెళ్లాలని నేర్చుకున్న కుక్కపిల్లను ఆ మాటతో వర్ణిస్తారు. పార్టీని ఖండించడం ప్రధాని ఉద్దేశం, కానీ ఆ మాట ఆ పార్టీకి ఓటేసిన ఏడు శాతానికి పైగా ఓటర్లను గడప దాటనివ్వదగని జంతువులతో పోల్చినట్టు వినబడింది. తమను పైవర్గం మనుషులుగా కూడా చూడదని చెప్పుకునే పార్టీకి, ఆ పైవర్గపు అత్యున్నత ప్రతినిధి నోటి నుంచే రుజువు దొరికింది. విధానంలో అనుకరణ, భాషలో వెలి: ఈ రెండూ విడివిడిగా చేసే హాని కన్నా కలిసి చేసే హాని ఎక్కువ. ఏదో ఒకటి ఎంచుకుని ఉంటే న్యూరుప్ రాస్ముసెన్ పరిస్థితి మెరుగ్గా ఉండేదేమో.

అమెరికాలో సెప్టెంబరు 11 దాడులు జరిగిన పది వారాలకు, 2001 నవంబరు 20న ఎన్నికలు వచ్చాయి. 1924 నుంచి ప్రతి ఎన్నికలోనూ అతిపెద్ద పార్టీగా నిలుస్తూ వచ్చిన సోషల్ డెమోక్రాట్లను 52 స్థానాలకు పరిమితం చేసి, ఆండర్స్ ఫో రాస్ముసెన్ నాయకత్వంలోని వెన్‌స్ట్రె 56 గెలుచుకుంది. ఆయన భాగస్వామి కన్సర్వేటివ్‌లకు 16, డేనిష్ ప్రజా పార్టీకి 22. మూడూ కలిపితే 94. మెజారిటీకి కావలసినది 90. అంతవరకూ ఏ మితవాద ప్రభుత్వమైనా మధ్యేవాదులైన రాడికల్ పార్టీ దయపై ఆధారపడి, వలసల విషయంలో వారి ఉదారవాదానికి లోబడవలసి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. గదిలోకి రానివ్వదగదన్న పార్టీ, గదిలోకి రాకుండానే, గుమ్మంలో నిలబడి లోపలి వ్యవహారాలు నిర్ణయించే స్థితికి వచ్చింది.

2002 నుంచి అమలైన చట్టాల్లో పేరుకెక్కినది ఇరవై నాలుగేళ్ల నిబంధన. విదేశీ జీవిత భాగస్వామిని తెచ్చుకోవాలంటే ఇద్దరికీ ఇరవై నాలుగేళ్లు నిండి ఉండాలి. ఆ ఇద్దరికీ కలిపి మరే దేశంతోనూ లేనంత అనుబంధం డెన్మార్క్‌తో ఉందని అధికారులు తేల్చవలసి ఉండేది. బ్యాంకు హామీ చూపాలి. శాశ్వత నివాసానికి గడువు మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెరిగింది. బలవంతపు పెళ్లిళ్లను అరికట్టడమే ఉద్దేశమని ప్రభుత్వం చెప్పినా, దెబ్బ తగిలినవారిలో అమెరికా అమ్మాయినో థాయిలాండ్ అమ్మాయినో పెళ్లాడిన డేనిష్ యువకులూ ఉన్నారు. 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా రైలెక్కితే అరగంట పైచిలుకులో స్వీడన్‌లోని మాల్మో చేరవచ్చు. అక్కడ కాపురం పెడితే యూరోపియన్ యూనియన్ నియమాలు రక్షిస్తాయి గనుక, రాత్రికి స్వీడన్‌లోనూ పగటికి కోపెన్‌హాగన్ ఉద్యోగంలోనూ గడిపే జంటల తరం ఒకటి తయారయింది. కుటుంబ పునరేకీకరణ అనుమతులు రెండు మూడేళ్లలో సగానికి పైగా పడిపోయాయి.

ఓటర్ల ఫిర్యాదు తీరితే పాపులిస్టు పార్టీ కుంచించుకుపోతుందన్న సిద్ధాంతం ప్రకారం, డేనిష్ ప్రజా పార్టీ ఈ దశలో క్షీణించాలి. 2005లో దానికి 13.3 శాతం, 2007లో 13.9 శాతం వచ్చాయి. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర లేదు. ప్రతి ఏటా బడ్జెట్ ఆమోదానికి దాని ఓట్లు కావాలి, ప్రతి ఏటా దానికి వృద్ధుల పేర ఏదో ఒక రాయితీ, విదేశీయుల పేర ఏదో ఒక ఆంక్ష చెల్లించాలి. చెల్లించిన ప్రతిసారీ వలస అనే విషయం వార్తల్లో మొదటి పుటకెక్కుతుంది, ఆ విషయం పుటకెక్కినంతకాలం దాని అసలు యజమాని ఎవరో ఓటరుకు గుర్తుంటుంది.

2015 జూన్ ఎన్నికలకు ముందు, ప్రధానిగా ఉన్న సోషల్ డెమోక్రాట్ నాయకురాలు హెల్లె థోర్నింగ్-ష్మిట్ కూడా, వలస వచ్చినవారు పని చేయవలసిందేనన్న అర్థంలో బస్సుల మీదా పత్రికల్లోనూ ప్రకటనలు వేయించింది. డేనిష్ ప్రజా పార్టీ 21.1 శాతంతో 37 స్థానాలు గెలిచి మితవాద శిబిరంలో అతిపెద్ద పార్టీ అయింది. అయినా అధికారం తీసుకోలేదు. వెన్‌స్ట్రె 34 స్థానాలతో ఒంటరిగా ప్రభుత్వం ఏర్పాటు చేయవలసి వచ్చింది. అడగడంలో ఉన్న సుఖం పాలించడంలో లేదని ఆ పార్టీకి అప్పటికి అనుభవమే. అది అందుకున్న పదవి ఒకటే: పియా కేర్స్‌గోర్ ఫోల్కెటింగ్ స్పీకర్ అయింది. ఎన్నటికీ ముందుగదికి తగదని పదహారేళ్ల కిందట ఏ సభలో అనిపించుకున్నదో, ఆ సభలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే కుర్చీ అది.

ఆ సెప్టెంబరులో సిరియా కుటుంబాలు రోద్బి రేవులో దిగి, పిల్లలను భుజాల మీద మోసుకుంటూ స్వీడన్ వైపు మోటార్‌వే మీద నడిచిపోతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. వెన్‌స్ట్రె సమీకరణ మంత్రి ఇంగర్ స్టోయ్‌బెర్గ్ లెబనాన్ పత్రికల్లో డెన్మార్క్‌కు రావద్దని సూచించే ప్రకటనలు వేయించింది; 2016 జనవరిలో, ఆశ్రయార్థుల దగ్గర పదివేల క్రోనర్లకు మించిన విలువైన వస్తువులుంటే స్వాధీనం చేసుకునే చట్టం వచ్చింది. పెళ్లి ఉంగరాలకు మినహాయింపు ఇచ్చారు. ఈ చట్టం కింద ఏమైనా వసూలైన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి, అది చేసిన చప్పుడే దాని ప్రయోజనం. 2017 మార్చిలో స్టోయ్‌బెర్గ్ ఫేస్‌బుక్‌లో ఒక ఫోటో పెట్టింది. పండ్లతో అలంకరించిన కేకు, మీద 50 అనే అంకె, దాన్ని రెండు చేతులా పట్టుకుని నవ్వుతున్న మంత్రి: విదేశీయులపై తన హయాంలో ఆంక్షలు యాభైకి చేరిన సందర్భం. ముప్పై ఏళ్ల కిందట నిన్-హాన్సెన్ నోటిమాటగా, రహస్యంగా చేయించిన పని ఇప్పుడు పుట్టినరోజు వేడుకలా జరుగుతోంది.

సోషల్ డెమోక్రాట్ల తుది మలుపు 2015లో నాయకత్వం చేపట్టిన మెట్టె ఫ్రెడెరిక్సెన్‌ది. 2017లో ఒక కార్మిక సంఘపు పత్రికలో ఆమె, డేనిష్ ప్రజా పార్టీ నాయకుడు క్రిస్టియన్ థూలెసెన్ డాల్ కలిసి ఇంటర్వ్యూ ఇచ్చారు. 2018లో ఆమె పార్టీ, ఆశ్రయ దరఖాస్తులను యూరప్ వెలుపల పరిశీలించాలనే పథకాన్ని ప్రకటించడంతో పాటు, ‘ఘెట్టో’లుగా ప్రభుత్వం ముద్రవేసిన పేటల్లో ఏడాది నిండిన పిల్లలను వారానికి ఇరవై ఐదు గంటలు శిశు సంరక్షణ కేంద్రానికి పంపడం తప్పనిసరి చేసిన చట్టాన్నీ సమర్థించింది. ఆ ఏడాది చివర్లో యెస్పర్సెన్ దీవి తిరిగి వచ్చింది. నేరానికి బహిష్కరణ శిక్ష పడినా స్వదేశానికి పంపడానికి వీలులేని విదేశీయులను, పశువుల అంటువ్యాధుల ప్రయోగశాల ఉండిన లిండ్‌హోమ్ దీవిలో ఉంచాలని ప్రభుత్వం, డేనిష్ ప్రజా పార్టీ ఒప్పందం చేసుకున్నాయి. 2019లో అధికారంలోకి వచ్చిన సోషల్ డెమోక్రాట్లు ఆ పథకాన్ని వదిలేశారు. ఆలోచన పుట్టినది ఎవరి ఇంట్లోనో అప్పటికి ఎవరూ పెద్దగా గుర్తుచేయలేదు.

2019 జూన్ ఎన్నికల్లో డేనిష్ ప్రజా పార్టీ 37 నుంచి 16 స్థానాలకు పడిపోవడంతో, కఠిన వలస విధానమే పాపులిజానికి మందు అన్న ‘డేనిష్ నమూనా’ యూరప్ వామపక్షాల చర్చల్లో ప్రసిద్ధికెక్కింది. ఆ ప్రసిద్ధిలో ఒక లెక్క జారిపోయింది. సోషల్ డెమోక్రాట్ల ఓటు పెరగలేదు, 2015లో 26.3 శాతం ఉన్నది 25.9 అయింది. ప్రభుత్వం మారడానికి ప్రధాన కారణం వారి మిత్రపక్షాలైన చిన్న వామపక్ష, ఉదార పార్టీలు బలపడడం, ఆ ఎన్నికల్లో వాతావరణ మార్పు వలసలతో పోటీపడే ప్రశ్నగా మారడం, డేనిష్ ప్రజా పార్టీని యూరోపియన్ యూనియన్ నిధుల దుర్వినియోగ ఆరోపణలు చుట్టుముట్టడం. ప్రధాని అయిన ఫ్రెడెరిక్సెన్ మాత్రం ఆగలేదు. ఇథియోపియా శరణార్థి కుమారుడైన మతియస్ టెస్ఫాయె వలసల మంత్రిగా ఉండగా, డమాస్కస్ ప్రాంతం సురక్షితమంటూ అక్కడి సిరియన్ల నివాస అనుమతులను రద్దు చేయడం సాగింది. ఆశ్రయార్థుల సంఖ్య సున్నా కావాలన్నది తన లక్ష్యమని ప్రధాని 2021 జనవరిలో సభలో చెప్పింది.

ఆ ఏడాది డిసెంబరులో రిగ్స్‌రెట్ మళ్లీ సమావేశమైంది. ఆశ్రయం కోరి వచ్చిన జంటల్లో ఒకరికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే, ఏ జంట పరిస్థితి ఏమిటో విడిగా విచారించకుండానే వారిని వేరుచేయాలని 2016లో ఆదేశించినందుకు స్టోయ్‌బెర్గ్‌కు అరవై రోజుల శిక్ష పడింది. కఠినత్వానికి కాదు, నిన్-హాన్సెన్‌కు మాదిరిగానే, చట్టాన్ని దాటినందుకు. యాభై ఆంక్షలను చట్టబద్ధంగానే చేయగలిగిన మంత్రి ఈ ఒక్కదానికి చట్టం కోసం ఆగలేదు. తీర్పు వచ్చిన వారానికి ఫోల్కెటింగ్ ఆమెను సభలో కూర్చోవడానికి తగదని ఓటు వేసి తొలగించింది. ఆమె కాలికి ఎలక్ట్రానిక్ పట్టీతో ఇంట్లోనే శిక్ష ముగించుకుని, 2022 జూన్‌లో డెన్మార్క్ డెమోక్రాట్లు అనే కొత్త పార్టీ పెట్టింది. నవంబరు 1న జరిగిన ఎన్నికల్లో డేనిష్ ప్రజా పార్టీకి ఐదు స్థానాలు మిగిలాయి. దానికన్నా తీవ్రమైన న్యూ రైట్ పార్టీకి ఆరు వచ్చాయి. తగదని పంపివేసిన సభలోకి స్టోయ్‌బెర్గ్ మరి పదముగ్గురితో కలిసి తిరిగి వచ్చింది. మూడు పార్టీలకూ కలిపి 25 స్థానాలు. 2007లో పియా కేర్స్‌గోర్ పార్టీ ఒక్కటే గెలిచిన సంఖ్య అదే.